పప్పు సున్నా అయింది, నేను మూడు కిలోలు పెరిగాను

ఈ వారం ఉత్తరం విజయవాడ పటమట నుంచి వచ్చింది. పేరు వేయొద్దన్నారు, ప్రోగ్రాం పేరు కూడా వేయొద్దన్నారు, రెండూ వేయడం లేదు. చాలా పెద్ద ఉత్తరం. కుదించి చెబుతాను.

రాసినావిడకి 47 ఏళ్లు, ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. ఇంట్లో భర్త, ఇంటర్ రెండో సంవత్సరం చదివే కొడుకు, 74 ఏళ్ల అత్తగారు. ఏడాదిన్నర కిందట మోకాళ్ల నొప్పులని డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు బరువు తగ్గమన్నారు. అప్పటికి 82 కిలోలు, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. వాకింగ్‌లో కలిసే స్నేహితురాలు ఒక పాయింట్ల ప్రోగ్రాంలో చేర్పించింది. ఫోన్‌లో యాప్, ఒక వాట్సాప్ గ్రూపు, ఒక కోచ్, ప్రతి ఆదివారం పొద్దున తూకం. తినే ప్రతిదానికీ ఇన్ని పాయింట్లని లెక్క, రోజుకి 30 దాటకూడదు. ఇడ్లీ ఒకటి, కప్పు అన్నం నాలుగు, కప్పు పప్పు మూడు, కాఫీ రెండు, మిర్చి బజ్జీ నాలుగు. ఈవిడ ఆ పట్టికంతా తన చేత్తో ఒక లెడ్జర్ కాగితం మీద రాసుకుని వంటింటి అలమర తలుపు లోపల అతికించుకున్నారు. పద్నాలుగు నెలల్లో 12 కిలోలు తగ్గారు. మెట్లెక్కుతుంటే మోకాళ్లు గుర్తురావడం మానేశాయట.

మూడు నెలల కిందట కోచ్ ఒక రాత్రి మెసేజ్ పెట్టింది: రేపటి నుంచి కొత్త పద్ధతి. రోజుకి 23 పాయింట్లే. కానీ పప్పులు, గుడ్లు, చికెన్, పెరుగు, పండ్లు అన్నీ సున్నా. అన్నం ఆరు, కాఫీ నాలుగు, బజ్జీ ఏడు. గ్రూపులో పాత లెక్క మాటెత్తితే "మార్పుని ఆహ్వానించలేనివాళ్లు తప్పుకోవచ్చు" అంది. సంవత్సరం ఫీజు దసరాకే కట్టేసి ఉన్నారు. ఈ మూడు నెలల్లో 70 నుంచి 73కి వచ్చారు. ఇంట్లో ఆయన "మీ కంపెనీ బ్యాలెన్స్ షీట్ మార్చేసిందా" అని నవ్వుతున్నారు. అత్తగారు రెండో గరిటె, మూడో గరిటె పప్పు వేస్తూ "సున్నా అన్నావుగా, తినవే" అంటున్నారు. శనివారం మధ్యాహ్నం నుంచి ఏమీ తినకుండా, నీళ్లు కూడా తాగకుండా ఆదివారం తూకానికి వెళ్తున్నారు, సాయంత్రం బండి దగ్గర నిలబడి బజ్జీలు తినేసి యాప్‌లో రాయడం లేదు. "పాత పట్టికకే వెళ్లిపోనా? కొత్తది పాటించనా? అసలు ఇదంతా మానేసి అందరూ చెప్తున్న ఆ ఇంజెక్షన్ వేయించుకోనా? నాకు కోపం ఎవరి మీదో కూడా తెలియడం లేదు" అని ముగించారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ కోచ్ మీద నాకూ కోపం వచ్చింది. రాత్రి మెసేజ్ పెట్టి పొద్దుటికల్లా మారిపోమంటే ఎలా? అకౌంట్స్ మనిషికి సంవత్సరం మధ్యలో రూల్స్ మారిస్తే ఎలా ఉంటుందో ఆవిడకేం తెలుసు. రెండోసారి చదివేటప్పుడు మాత్రం పెన్సిల్ పట్టుకుని చదివాను, అప్పుడు కొన్ని సంగతులు కనిపించాయి. కొన్ని మీకు నచ్చకపోవచ్చు.

ముందు ఒక ఊరట. మీకొక్కరికే జరిగిన అన్యాయం కాదిది. ఈ పాయింట్ల పద్ధతికి పుట్టిల్లు అమెరికాలోని వెయిట్ వాచర్స్ అనే బరువు తగ్గించే సంస్థ. న్యూయార్క్‌లో జీన్ నైడెచ్ అనే గృహిణి స్నేహితురాళ్లని ఇంటికి పిలిచి, ఎవరు దొంగచాటుగా ఏం తిన్నారో చెప్పుకునే కూటంగా మొదలుపెట్టి, 1963లో సంస్థ చేసింది. పాయింట్లు వచ్చింది 1997లో. మొదటి లెక్క సుమారుగా 50 కేలరీలకి ఒక పాయింటు, కొవ్వు ఎక్కువైతే కాస్త పెరుగుతుంది, పీచు ఉంటే కాస్త తగ్గుతుంది. మీ పాత పట్టిక చూస్తే అచ్చం ఆ బాణీలోనే ఉంది. 2010 చివర్లో వాళ్లు ఆ లెక్క తీసేసి మాంసకృత్తులు, పిండిపదార్థాలు, కొవ్వు, పీచు చూసి లెక్కించే పద్ధతి పెట్టారు, పండ్లు సున్నా చేశారు. 2015లో మళ్లీ మార్చి చక్కెర మీద, సంతృప్త కొవ్వు మీద వడ్డన పెంచారు. 2017 డిసెంబరులో గుడ్లు, చికెన్ బ్రెస్ట్, బీన్స్, పప్పులు కలిపి రెండు వందలకు పైగా పదార్థాలని సున్నా చేసి, రోజుకి కనీసం 30 ఉన్న పాయింట్లని 23 చేశారు. మీకు జరిగింది సరిగ్గా అదే! అప్పుడు అక్కడ కూడా ఎంతోమంది ఆడవాళ్లు మీలాగే పాత పుస్తకాలు దాచుకున్నారు. 2019లో మూడు రంగుల్లో మూడు పద్ధతులు, 2021లో ఎవరికి వారికి వేరే లెక్క, ఆ తర్వాత మళ్లీ అందరికీ ఒకటే. అంటే కనిపెట్టినవాళ్లే రెండు మూడేళ్లకోసారి పట్టిక చించి కొత్తది రాసుకున్నారు. మీ ప్రోగ్రాం వాళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో నాకనవసరం గానీ, ఈసారితో మార్పులు ఆగిపోతాయని మాత్రం అనుకోకండి.

ఎందుకు మారుస్తారంటే కొంత వ్యాపారం, కొంత నిజంగానే కారణం ఉంది. పాత లెక్కలో ఒక గొయ్యి ఉంది, మీరూ అందులో పడ్డారు. మీరే రాశారు చూడండి: "మధ్యాహ్నం పప్పు మానేసి మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటే సాయంత్రానికి మూడు పాయింట్లు మిగిలేవి, ఒక పాయింటు కలిపితే ఒక బజ్జీ." బడ్జెట్‌లో ఉంది కాబట్టి బరువు తగ్గారు, కాదనను. కానీ పప్పు అమ్మి బజ్జీ కొనుక్కోవడం కదండీ అది. 47 ఏళ్ల వయసులో కండ కరగకుండా కొవ్వు కరగాలంటే కంచంలో పప్పు, గుడ్డు, పెరుగు ఉండాలి. కొత్త పట్టిక రాసినవాళ్లు ఆ బేరం కుదరకుండా చేయాలని పప్పుని సున్నా చేసి బజ్జీని ఏడు చేశారు. ఆ ఆలోచన తప్పు కాదు. పోషణపరంగా చూస్తే కొత్త పట్టికే మెరుగని నా అభిప్రాయం.

మరి మీరెందుకు పెరిగారు? ఆ సున్నా రాసినవాళ్ల మనసులో ఉన్నది గిన్నెలో ఉడికిన బీన్స్‌ని చెంచాతో తినే మనిషి. మన పప్పు ఒంటరిగా రాదు. అన్నాన్ని, నేతిని, ఆవకాయని, పక్కన అప్పడాన్ని వెంటబెట్టుకుని పెళ్లివారిలా వస్తుంది. ఒక గరిటె పప్పు ఎక్కువేసుకుంటే అది కలవడానికి రెండు ముద్దల అన్నం ఎక్కువ కావాలి. పైగా తాలింపులో నూనె ఉంది కదా, అది మీ యాప్‌లో సున్నా కాదు. మీరు పంపిన వారం రోజుల చిట్టాలో ఏ రోజూ తాలింపు నూనె రాయలేదు. నెయ్యి ఒక్క రోజే రాశారు.

ఇంకొకటి చెప్తాను, నవ్వకండి. రోజూ రాత్రి భోజనం చివర "పెరుగు - 0" అని రాశారు. పెరుగులో అన్నం ఏదండీ? విజయవాడలో రాత్రి పూట పెరుగు ఒట్టిగా తాగే మనిషిని నేను చూడలేదు. పెరుగు సున్నా అయ్యేసరికి పెరుగన్నంలో అన్నం కూడా దాని చాటున సున్నా అయిపోయింది. ఆ పెరుగైనా యాప్ వాళ్లు చెప్పేది వెన్న తీసిన పాల పెరుగు, మీ ఇంట్లో తోడుపెట్టేది గేదె పాలు, పైన వేలు మందం మీగడ. ఆఫీసులో ఎవరైనా ఇలాంటి వోచర్ తెస్తే మీరు పాస్ చేస్తారా?

పప్పు లెక్క కూడా చూద్దాం. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 340 కేలరీలు, 22 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. మంచి సరుకే. మీరు మధ్యాహ్నం మూడు గరిటెలు, రాత్రి రెండు అని రాశారు, ఇంట్లో కుక్కర్లో ఒకప్పుడు గ్లాసు పప్పు పోసేవారు ఇప్పుడు గ్లాసున్నర పోస్తున్నారని కూడా రాశారు, మిగతా ముగ్గురూ మామూలుగానే తింటున్నారు కాబట్టి ఆ అరగ్లాసూ మీ కంచంలోకే వస్తోంది. అరగ్లాసు అంటే వంద గ్రాములు వేసుకోండి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి చూపించిన నమూనా కంచంలో పప్పుదినుసులన్నీ కలిపి 85 గ్రాములే. మీరు తగ్గాలనుకుంటే మీ అవసరం ఆ 2000 కంటే తక్కువే ఉంటుంది. అంటే కొత్తగా వచ్చిన పప్పే ఆ నమూనాని దాటేసింది, ఇంతకుముందు తినే కప్పు దీనికి అదనం. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతాం అని మనవాళ్ల జోకు ఉండనే ఉంది, పప్పు ఫినాయిల్ కాదు గనక మూడు కిలోలతో పోయింది.

నూనె సంగతి. మీ ఇంటికి నెలకి లీటర్ ప్యాకెట్లు అయిదు అని మాటవరసకి రాశారు. లీటరు నూనె 910 గ్రాములు. నలుగురు మనుషులు, ముప్పై రోజులు: మనిషికి రోజుకి 38 గ్రాములు. అదే నమూనా కంచంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి 27. మీకు నెయ్యి వేరే. గ్రాము నూనెకి 9 కేలరీలు. ఈ ఒక్క లెక్క చూస్తే చాలు, పాత పట్టికా కొత్త పట్టికా అన్న గొడవలో సగం పోతుంది.

ఇప్పుడు పట్టికతో సంబంధం లేని సంగతి. మీరు 82 నుంచి 70కి వచ్చాక ఒళ్లు నడపడానికి అయ్యే ఖర్చు తగ్గుతుంది. పన్నెండు కిలోల బియ్యం బస్తా భుజాన వేసుకుని రోజంతా తిరిగే మనిషి, ఆ బస్తా దించేశాక అంత తినక్కర్లేదు కదా. దానికి తోడు బరువు తగ్గినకొద్దీ ఆకలి కాస్త ముదురుతుంది, ఒంటి గుణం అది. పట్టిక మారకపోయినా మీ తూకం 70 దగ్గర ఎక్కడో మొండికేసి ఉండేది. "చివరి రెండు నెలలు పాత లెక్కలోనే అరకిలో కూడా తగ్గలేదు" అని మీరే మూడో పేజీలో రాసి, నాలుగో పేజీలో మర్చిపోయారు. కోపం అంతా కొత్త పట్టిక మీదకి తోసేయకండి. నెలసరి క్రమం తప్పుతోందని కూడా రాశారు. ఈ వయసులో కొవ్వు నడుం చుట్టూ చేరడం మామూలే గానీ, థైరాయిడ్, షుగర్ పరీక్షలు ఏడాదిగా చేయించుకోలేదన్నారు, అవి ముందు చేయించండి. పట్టికలు ఎక్కడికీ పోవు.

సరే, ఇక ఏం చేయొచ్చు?

పాత పట్టికకి వెళ్లిపోవచ్చు. నేరమేమీ కాదు. అలమర తలుపు మీద ఉంది, నోటికొచ్చు, యాప్ అక్కర్లేదు. పోయేది గ్రూపు. వాకింగ్‌లో అడుగుతారు, కొందరు మొహం చాటేస్తారు, అది మీరు తట్టుకోగలరో లేదో మీకే తెలియాలి. ఇంకో చిక్కు, ఆ 30 పాయింట్లు 82 కిలోల మనిషికి ఇచ్చినవి. ఇప్పుడు మీకు 26, 27 పెట్టుకుంటే తప్ప కదలదు. పప్పు మానేసి బజ్జీ కొనుక్కునే అలవాటు కూడా తిరిగొస్తుంది, దానికి మీరే ఒక నిబంధన రాసుకోవాలి: రోజుకి కప్పు పప్పు, ఒక గుడ్డు ఖర్చు తప్పనిసరి, మిగిలిందే బడ్జెట్ అని.

లేదా కొత్త పట్టికకి ఒక ఆరు వారాలు నిజాయితీగా అవకాశం ఇవ్వొచ్చు. ఈ మూడు నెలల్లో మీరు కొత్త పట్టిక పాటించలేదు, దాని మీద అలిగారు. పాటించడమంటే సున్నా అంటే రాయక్కర్లేదని మాత్రమే, ఎంతైనా తినొచ్చని కాదు. మీ ఇంటికి తగ్గట్టు దాన్ని కాస్త సరిచేసుకోండి. మొదటి రెండు గరిటెల పప్పు సున్నా, మూడో గరిటెకి రెండు పాయింట్లు. పొద్దున్నే ఒక చిన్న గిన్నెలో మీ వాటా నూనె నాలుగు టీస్పూన్లు వేరుగా తీసి పెట్టండి, మీ కూర, మీ అట్టు అందులోంచే. గిన్నె ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. పెరుగన్నంలో అన్నం రాయండి. పండు కొరికి తినండి, మిక్సీలో వేసి పంచదార కొట్టి తాగితే అది పండు లెక్కలోకి రాదు. దీనివల్ల పని పెరుగుతుంది, వేరే గిన్నె ఏంటని ఇంట్లో మొదటి వారం వింతగా చూస్తారు. కాఫీ నాలుగు పాయింట్లు కావడం మీకు అన్నిటికన్నా కష్టం అనిపిస్తుందేమో, ఉత్తరంలో ఆ మాట మూడుసార్లు వచ్చింది. పంచదార సగం చేసి పాయింట్లు కాస్త తగ్గించుకోండి, కాఫీ మానకండి. కాఫీ మానేసిన అకౌంటెంట్‌తో మార్చి నెలలో ఎవరూ పని చేయలేరు.

పాయింట్లే వద్దనుకోవచ్చు కూడా. కంచంలో సగం కూర, ఆకుకూర. పావు అన్నం. మిగతా పావు పప్పో గుడ్డో చేపో. ఇంతే, రాసేదేం లేదు. చాలామందికి ఇది సుఖం. మీకు సుఖమా అంటే నాకు అనుమానమే, ఎందుకంటే రెండు వైపులా టాలీ కాకపోతే నిద్ర పట్టని మనిషినని మీరే రాసుకున్నారు. ఇలాంటివాళ్లు లెక్క మానేసిన మొదటి నెలలో ఒకటి రెండు కిలోలు పెరిగి, భయపడి, ఇంకా కఠినమైన లెక్కకి పోతారు. ఇది ఎంచుకుంటే నెలకోసారి టేపు పెట్టి నడుం కొలుచుకుని రాసుకోండి, మీకు ఒక అంకె అయినా మిగులుతుంది. మనవాళ్లలో ఆడవాళ్లకి నడుం కొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలంటారు, మీరు ఒక్కసారిగా అక్కడికి దిగక్కర్లేదు, టేపు ఏ దిక్కున పోతోందో చూసుకుంటే చాలు.

ఇంకో దారి ఉంది, కోచ్‌లు దీన్ని చెప్పరు. ఆగడం. అబ్బాయి పరీక్షలు, మీ ఆఫీసులో ఇయర్ ఎండింగ్, రెండూ నెత్తి మీద ఉన్నాయి. అవి అయ్యేదాకా తగ్గడం సంగతి పక్కనబెట్టి 73 దాటకుండా కాచుకోవచ్చు. 82 నుంచి లెక్కేస్తే మీరిప్పటికీ తొమ్మిది కిలోలు కింద ఉన్నారు, అంటే నూటికి పదకొండు వంతులు. అయిదు నుంచి పది వంతులు తగ్గినా బీపీకి, షుగర్‌కి మేలు మొదలవుతుందని డాక్టర్లు అంటారు. దీనివల్ల నష్టం ఒక్కటే, గ్రూపులో ప్రతి ఆదివారం "ఈ వారం ఎంత తగ్గారు" అంటే చెప్పడానికి ఏమీ ఉండదు, మీ అభిమానం దానికి ఒప్పుకోవాలి.

ఇంజెక్షన్ అన్నారు. బరువు తగ్గించే ఇంజెక్షన్లలో మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి, వాకింగ్ ట్రాకుల మీద ఇప్పుడు అదే మాట. ఈ మందుల దెబ్బ కొంత, పాత అప్పులు కొంత, ఆ వెయిట్ వాచర్స్ వాళ్లే 2025 మేలో దివాలా రక్షణ కోసం కోర్టుకి వెళ్లారు, ఆశ్చర్యంగా లేదూ? అవి పనిచేసే మందులే, కాదనను. కానీ మీకు అవసరమా కాదా అన్నది మీ రక్తపరీక్షలు చూసి డాక్టరు చెప్పాలి, స్నేహితురాలు కాదు. మానేస్తే బరువు తిరిగి రావడం మామూలని కూడా తెలుసుకుని అడగండి. పట్టిక మీద కోపంతో మాత్రం ఆ నిర్ణయం తీసుకోకండి.

ఏ దారి ఎంచుకున్నా ఒకటి మాత్రం ఆపండి, ఇందులో నేను ఆప్షన్లు ఇవ్వను. శనివారం మధ్యాహ్నం నుంచి నీళ్లు కూడా తాగకపోవడం, ఆదివారం సాయంత్రం బండి దగ్గర నిలబడి తినేసి మూతి తుడుచుకుని ఇంటికి రావడం. నీళ్లు మానితే తూకంలో తగ్గేది నీళ్లే. ఇలా కడుపు మాడ్చుకోవడం, చాటుగా ఒక్కసారిగా తినడం వారం వారం నడుస్తూ ఉంటే అది బలహీనత కాదు, డాక్టరుకి చెప్పుకోవాల్సిన విషయం. ఆ పరీక్షలకి వెళ్లినప్పుడే ఇది కూడా చెప్పండి. ఆదివారం తూకం పొద్దున నిద్ర లేవగానే ఇంట్లోనే చూసుకుని ఫోటో పంపిస్తానని కోచ్‌కి చెప్పండి. బజ్జీ తినాలనిపిస్తే ఒక ప్లేట్ ఇంటికి తెచ్చుకుని అందరితో కూర్చుని ఒకటో రెండో తిని రాసేయండి. ఏడు పాయింట్లయితే ఏడు.

కోచ్‌కి ఒక మెసేజ్ పెట్టండి, కోపంగా కాదు, ఆఫీసు లెటర్‌లాగా. తాలింపు నూనె ఎలా రాయాలి, గేదె పాల పెరుగు సున్నానా, కొత్త పద్ధతి వద్దంటే మిగిలిన నెలల ఫీజు సంగతి ఏంటి. మూడే ప్రశ్నలు. మొదటి రెండిటికి ఆవిడ దగ్గర సమాధానం ఉంటే ఉండండి. లేకపోతే ఆవిడకీ పట్టిక పైనుంచి వచ్చిందే, అంతకు మించి తెలియదని అర్థం. ఫీజు మాట దాటవేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. మీరు అంతదాకా వెళ్లరని నాకు తెలుసు, అయినా నంబర్ దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు అత్తగారు. మీ ఉత్తరంలో నేను పెన్సిల్‌తో గీత పెట్టుకున్న వాక్యం ఇక్కడే ఉంది, మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన వాక్యం: "అంతకుముందు సాయంత్రం కాఫీ పెట్టే ముందు ఆవిడే వచ్చి, ఇవాళ ఎన్ని మిగిలాయే, రెండున్నాయా, పెట్టనా, అని అడిగేది." చూశారా, 74 ఏళ్ల మనిషి మీ పాత పట్టిక నేర్చుకుంది. అలమర తలుపు తీసినప్పుడల్లా చదువుకుని ఉంటుంది. పద్నాలుగు నెలలు మీరు ఆ ఇంట్లో "వద్దు" అన్న మాట అనక్కర్లేకుండా గడిపారు, "పాయింట్లు అయిపోయాయి" అంటే సరిపోయేది. చుట్టాలొచ్చి గారెలు కొసరి కొసరి వడ్డించినా అదే మాట, గాంధీనగర్ బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న వద్దన్నా అదే మాట. మొహమాటం ఎక్కువ ఉన్న మనిషికి అది ఎంత పెద్ద అండో మీకు అప్పుడు తెలియలేదు. కొత్త పట్టిక ఆ మాటని మీ నోట్లోంచి లాగేసుకుంది. పప్పు సున్నా అయ్యాక వద్దనడానికి మీ దగ్గర కారణం లేదు, "నాకు చాలు" అని మీ పేరు మీద చెప్పాలి. అది అలవాటు లేదు. మీ కోపంలో ముప్పాతిక వంతు ఇదేనేమో అనిపిస్తోంది నాకు. తప్పైతే రాయండి.

"సున్నా అన్నావుగా, తినవే" అన్నప్పుడు ఆవిడ మీ డైట్ చెడగొట్టడం లేదండీ. మీరు చెప్పిన రూలే పాటిస్తోంది. కొత్త రూలు సగమే చెప్పారు మీరు, సున్నా అని చెప్పారు, నూనె, అన్నం సంగతి చెప్పలేదు. అందుకని ఆవిడతో వంటింట్లో ఒక పావుగంట కూర్చోండి. నీతో పడలేకపోతున్నాను అన్నట్టు కాకుండా, "అత్తయ్యా, ఈ లెక్క నాకు అర్థం కావడం లేదు, పప్పు ఎంత పోస్తున్నావో చెప్పు" అని మొదలుపెట్టండి. గ్లాసున్నరని ఆవిడే చెబుతుంది. మళ్లీ గ్లాసుకే వద్దామని అడగండి. నాకు రెండు గరిటెలు మాత్రమే, ఆ గరిటె నువ్వే వెయ్యి అనండి. ఆవిడ చేతిలో గరిటె ఉంటే మూడోది వేయమని మీరు అడిగినా వేయదు, కాఫీకి పాయింట్లు లెక్కపెట్టిన మనిషి కదా. ఒకవేళ వినకపోతే, వినకపోవచ్చు కూడా, అప్పుడు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు అత్తయ్యా" అనడం తప్పదు. రెండు మూడు రోజులు చిన్నబుచ్చుకుంటుంది. ఓర్చుకోండి.

మీవారి జోకుల గురించి ఏమీ చెప్పను. ఆయనకి నెలకి అయిదు ప్యాకెట్ల నూనె లెక్క చూపించండి, అందులో ఆయన వాటా రోజుకి 38 గ్రాములు ఉంది. నవ్వు కాస్త తగ్గొచ్చు.

అలమర తలుపు మీది కాగితం చించక్కర్లేదు. పసుపు మరకలు పడి అంచులు ముడుచుకుపోయిందని రాశారు, ఉండనివ్వండి. దాని పక్కన ఇంకో లెడ్జర్ కాగితం అతికించి, యాప్‌లో ఉన్నట్టు కాకుండా మీ ఇంట్లో వండినట్టు రాసుకోండి: ముద్దపప్పు గరిటె, గోంగూర పప్పు గరిటె, తాలింపు స్పూను, పెరుగన్నం గిన్నె. అక్షరాలు కొంచెం పెద్దవిగా రాయండి, ఆవిడ కూడా చదవాలి. ఆరు వారాలయ్యాక నడుం కొలత, ఆ నెల ఎన్ని నూనె ప్యాకెట్లు అయ్యాయో రెండూ నాకు రాసి పంపండి. బరువు రాయకపోయినా ఫర్వాలేదు.